జ్వరం ఏ ఊరిది?

జూలై పదహారో తేదీ, ఆదివారం. ఆ రోజు తిన్నది కందా బచ్చలి. రెండు ముద్దలు తిని, మూడో ముద్ద చేతిలో ఉండగానే ఒళ్ళు జలదరించింది. కంచం ముందు నుంచి లేచి వెళ్ళి పడుకుంది.

విజయదుర్గకి గుర్తున్నది అంతే. తండ్రి మూర్తిగారు ఇంకేం అడిగినా జవాబు తోచడం లేదు.

"కందా బచ్చలి వండింది శనివారం," అంది ఆమె అత్తగారు పద్మావతి, కుర్చీలో కదలకుండా. "ఆదివారం మనింట్లో చేపలు. జ్వరం వచ్చిన రోజే గుర్తులేదు గానీ, మా ఊళ్ళో వచ్చిన సంగతి మాత్రం గుర్తుందంటోంది."

"వండింది శనివారమేనండీ అత్తయ్యగారూ. మిగిలింది ఆదివారం నేను తిన్నాను. చేపలు మీకందరికీ సరిపోయేయి గానీ నాదాకా రాలేదు."

మూర్తిగారు కలం ఎత్తి, 'జ్వరం మొదలైన తేదీ' అన్న గడిలో పదహారు అని వేశారు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆయనకి తెలిసిన విషయం ఒకటుంది. కోనసీమలో ఏ ఆడమనిషిని తేదీ అడిగినా వంటింట్లోంచే తెచ్చి చెబుతుంది. అడగాల్సింది వండినరోజా, తిన్నరోజా అన్న సంగతి మాత్రం ఈ ఉదయమే తెలిసింది.

శ్రీరామచంద్రమూర్తిగారు ఊళ్ళోని ప్రభుత్వాసుపత్రిలో హెల్త్ సూపర్‌వైజర్. చుట్టుపక్కల ఎవరికి ఏ జ్వరం వచ్చిందో ఫారంలో నింపి, ప్రతి సోమవారం పొద్దున్న ఏడుగంటల బస్సులో అమలాపురం ఆఫీసుకి పంపడం ఆయన పని. ఈ వారం ఫారంలో మొదటి పేరు ఆయన కూతురిదే.

పద్మావతి, మూర్తిగారి అల్లుడు నాగసతీష్ మొదటి పంటు ఎక్కి, ఏరు దాటి, కబురైనా లేకుండా వచ్చారు. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. కోడల్ని తీసుకెళ్ళడానికి వచ్చామన్నారు. తీరా బల్ల మీద ఫారం, దాని పక్కన కాకినాడ నుంచి నిన్ననే వచ్చిన రక్తపరీక్ష కాగితం కనిపించాయి. అప్పటినుంచి మాట వ్రతం మీద లేదు.

"చికున్‌గున్యా అన్నారు కదండీ ముందు?" అంది పద్మావతి.

"ఈ ఏడు ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా గున్యా అనే అంటున్నారు చెల్లెమ్మా. మన డాక్టరమ్మగారికి మాత్రం అమ్మాయి అరచేతుల్లో ఎర్రమచ్చలు చూసి అనుమానం వచ్చింది. రక్తం కాకినాడ పంపించి, ఆగకుండా మందు మొదలెట్టేరు. రెండో రోజుకి జ్వరం దిగింది. ఇది పిడుదుల వల్ల వచ్చే జ్వరమట. పశువుల్నీ కుక్కల్నీ పట్టుకుని ఉంటాయే, అవి."

"మీ ఊళ్ళో కుక్కలు లేవా?"

మూర్తిగారు రక్తపరీక్ష కాగితాన్ని ఫారం కిందికి జరిపారు.

"పదిరోజుల బట్టీ పిల్ల మీ ఇంట్లోనే ఉంది. మచ్చలు మీ ఇంట్లోనే కనిపించేయి. మీ డాక్టరమ్మే చూసింది. మరి ఆ జ్వరం మా ఊరిదెలా అవుతుందండీ అన్నయ్యగారూ?"

ఆవిడని తప్పు పట్టే హక్కు ఆయనకి లేదు. ఎందుకంటే పోయిన సోమవారం ఆయన చేసిందీ అదే. ఫారంలో 'ఊరు' అన్నచోట సొంత ఊరి పేరే రాసి పంపారు. ముప్ఫై ఏళ్ళుగా అలాగే రాస్తున్నారు. జబ్బుచేసిన కోడలు పుట్టింటికి వస్తుంది. మంచం ఏ ఊళ్ళో వేస్తే జ్వరం ఆ ఊరిది. ఆయనొక్కరే కాదు, ఆ పని చేసేవాళ్ళందరూ అలాగే రాస్తారు. అది తప్పని ఎవరికీ అనిపించలేదు.

ఆ రాతకి ఫలితంగా మొన్న బుధవారం ఇద్దరు మనుషులు మిషను తెచ్చి ఆయన వీధంతా పొగ పెట్టిపోయారు. ఆ వీధిలో ఒక్క గేదె లేదు. ఎదురింటి సూరిబాబు తువ్వాలు మొహానికి అడ్డుపెట్టుకుని వచ్చి, "ఎన్ని దోమలు చచ్చేయో తెలీదు గానండీ మూర్తిగారూ, మా అత్తగారు మాత్రం గంటసేపు మాట్లాడలేదు. మళ్ళీ వారం కూడా రమ్మని రాయండి," అని పోయాడు.

"అప్పుడు నాకు తెలియక రాసేను చెల్లెమ్మా," అన్నారు మూర్తిగారు. "ఒళ్ళు జలదరించింది మీ ఇంట్లో, కంచం ముందు. ఈసారి పొన్నలంక అని రాయాలి."

పొన్నలంక పద్మావతి ఊరు. ఆవిడ భర్త జనార్దన్ ఆ ఊరి పాలసంఘానికి అధ్యక్షుడు.

"రాయండి," అంది పద్మావతి. గొంతు పెంచలేదు. "రాస్తే మనుషులొస్తారు. మా గుమ్మంలో మిషను పెడతారు. శుక్రవారం పేరంటానికొచ్చిన ముత్తైదువులు తాంబూలం పుచ్చుకుని, ఇంటికెళ్ళి చేతులు కడుక్కుంటారు. పాలసంఘం ప్రెసిడెంటుగారి గేదెల పాకలోనే పురుగట అని ఊరంతా అంటారు. అన్నీ రాయండి. రాసేక మీ అమ్మాయిని మీ దగ్గరే ఉంచుకోండి. పెళ్ళైన ఆరేళ్ళకి ఆషాఢం పట్టిందనుకుంటాం."

నాగసతీష్ కిటికీ బయట కారుతున్న చూరుకేసి చూస్తున్నాడు. మంచివాడే. ఈ ఆరేళ్ళలో విజయదుర్గని ఒక్కమాట అనలేదు. ఆమెను ఎవరైనా ఒకమాట అన్నప్పుడు కూడా ఏమీ అనలేదు.

"తులసి ఎలా ఉంది?" అని విజయదుర్గ అడిగింది అతణ్ణి.

ఐదేళ్ళ కూతురు లక్ష్మీతులసి పొన్నలంకలోనే ఉండిపోయింది. జ్వరం పిల్లకి తగులుకుంటుందని తల్లితో పంపలేదు.

"బానే ఉంది. పొద్దస్తమానూ పాకలోనే. గేదెల దగ్గర్నుంచి కదలదు."

విజయదుర్గ చేతిలోని ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేసింది. పదిరోజులకి మొదటిసారి మొత్తం ఇడ్లీ తింటోందని మూర్తిగారు ఓరకంట చూస్తూ సంతోషపడుతున్నారు. ఆ సంతోషం సగంలోనే ఆగింది.

వాన కాస్త తెరిపిచ్చింది. హన్నా సైకిలు గుమ్మంలో ఆగింది. హన్నా ఆసుపత్రి నర్సమ్మ. పదిహేనేళ్ళుగా మూర్తిగారి దగ్గర పనిచేస్తోంది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్లచీర అంచు తడిసి ఉంది.

"సార్, మీతో ఒకమాట," అంటూ లోపలికి వచ్చి, వియ్యపురాలిని చూసి ఆగింది.

"చెప్పమ్మా. ఇంట్లోవాళ్ళే."

"మా పిన్ని కూతురు ఓడలరేవు వైపు నర్సుగా చేస్తోందండి. ఇవాళ చర్చిలో కలిసింది. వాళ్ళ దగ్గర చిన్నతల్లి అని ఒకావిడ పడుందట. జ్వరం, అరచేతుల్లో మచ్చలు. అన్నగారింటికి వచ్చిందట. అత్తారూరు ఏదని అడిగితే పొన్నలంక అందటండి."

"మా పాలు పితికే చిన్నతల్లా?" అన్నాడు నాగసతీష్. కిటికీ దగ్గర్నుంచి మొదటిసారి ఇటు తిరిగాడు.

"ఆయ్. జనార్దన్‌గారి పాకలో చేస్తానని చెప్పిందటండి." హన్నా కొంచెం ఆగింది. "నాకు ఇంకో అనుమానం వచ్చింది సార్. మన విజయమ్మగారి తోడికోడలు దుర్గాశ్రీగారు కూడా పుట్టింట్లోనే ఉన్నారు కదా, అంబాజీపేట అవతల. దారిలో బూత్ నుంచి వాళ్ళింటికి ఫోన్ చేసేను. వాళ్ళమ్మగారు తీశారు. గున్యా అని మందిస్తున్నారట. మచ్చలున్నాయా అని అడిగితే, నీకెవరు చెప్పేరే అని ఏడ్చేరండి."



మూర్తిగారు మనసులో లెక్క వేసుకున్నారు. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి, ఆ పక్కన ఇంకొకటి. మూడు ఫారాల్లో మూడు ఒకట్లు. ఒకటి చూసి అమలాపురంలో ఎవరూ కంగారు పడరు. ముగ్గురూ ఏ పాకలోంచి లేచివచ్చారో ఆ ఊరి ఫారంలో సున్నా. ముగ్గురూ అత్తారింట్లోనే పడుకుని ఉంటే ఈపాటికి జీపు వచ్చి ఉండేది. జబ్బుచేసిన ఆడపిల్ల పుట్టిల్లు చేరుకుంటుందన్న ఒక్క మర్యాద, ముగ్గుర్నీ మూడు దిక్కులకి పంపి, పాకని మాత్రం ఎవరికీ కనపడకుండా చేసింది.

కానీ ఒకటి ఆయనకి బోధపడలేదు.

"గేదెల్ని కడిగేదీ మేపేదీ మగాళ్ళు. వాళ్ళకెవరికీ లేదు. ముగ్గురూ ఆడవాళ్ళే. అదేమిటి?"

"నేనూ దారంతా అదే అనుకుంటూ వచ్చేనండి," అంది హన్నా.

"అంటే ఆడవాళ్ళు మాత్రమే తెచ్చిపెట్టుకున్న రోగమన్నమాట," అంది పద్మావతి. ఆవిడ గొంతు ఎందుకో బొంగురుపోయింది. "పని తప్పించుకోవడానికి."

విజయదుర్గ నెమ్మదిగా అంది: "ఆదివారాలు మధ్యాహ్నం పాక అరుగు మీద కూర్చుంటాం నాన్నా. గేదె చెవుల్లోనూ తోక కిందా పిడుదులుంటాయి. ఏరి కొబ్బరిచిప్పలో వేసుకుని..."

"వేసుకుని?"

"కుక్కుతాం. పేలు కుక్కినట్టు. బొటనవేళ్ళ గోళ్ళ మధ్య పెట్టి. టప్పుమంటుంది." చెబుతూ ఆమె తన గోళ్ళకేసి చూసుకుంది. "మగవాళ్ళు కిరసనాయిలు గుడ్డతో తుడిచేసి ఊరుకుంటారు. అలా చేస్తే మళ్ళీ పడతాయి. మేం ఒక్కటి కూడా వదలం."

హన్నా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పిడుదుని చిదమకూడదనీ, ఆ రసం గోటి సందుల్లోంచి కూడా ఒంట్లోకి ఎక్కుతుందనీ డాక్టరమ్మ నిన్న చెప్పినప్పుడు, గేదెమీది పురుగుని ఎవరు చిదుముతారమ్మా అని నవ్వేసింది తనే.

"ఎవరు నేర్పారు మీకిది?" అని మూర్తిగారు అడిగారు.

విజయదుర్గ గోళ్ళని కొంగులో దాచుకుంది. అత్తగారికేసి చూడలేదు.

"మరి తులసి?" అన్నారాయన.

"చిప్ప అదే పట్టుకుంటుంది. ఒక్కోసారి..." ఆమె పళ్ళెం పక్కకి నెట్టింది. "నాకూ గోళ్ళున్నాయి కదమ్మా అంటుంది."

మూర్తిగారు అల్లుడి వైపు తిరిగారు. "బాబూ, పాపని ఇక్కడికి తీసుకొచ్చెయ్యి. ఇవాళే."

"ఆయ్," అన్నాడు నాగసతీష్. వెంటనే, "నాన్నగారు ఒప్పుకోవాలండి," అన్నాడు.

"పిల్ల మా ఇంటి పిల్ల," అంటూ పద్మావతి లేచింది. "వ్రతం ముందు పిల్లని గడప దాటించడం కుదరదు. పదరా. ఇక్కడ కూర్చుంటే ఇంకా ఎన్ని..."

మాట పూర్తికాలేదు. ఆవిడ చెయ్యి కుర్చీకోసం వెతికింది. కుర్చీ ఉన్నచోట కాక పక్కన వెతికింది. హన్నా ఒక్క అంగలో వెళ్ళి పట్టుకుంది. పట్టుకోగానే ఆమె మొహం మారింది.

"సార్, ఒళ్ళు పేలిపోతోందండి."

పద్మావతి చెయ్యి విడిపించుకోబోయింది. హన్నా వదల్లేదు. ముడుచుకున్న వేళ్ళని, చంటిపిల్ల గుప్పిట విప్పినట్టు, ఒక్కొక్కటే విప్పింది. అరచేతి నిండా చిన్నచిన్న ఎర్రమచ్చలు.

"ఎన్నాళ్ళబట్టీ అమ్మగారూ?"

"గురువారం."

"అమ్మా!" అన్నాడు నాగసతీష్. "నాకు చెప్పలేదేం?"

"చెబితే ఏం చేస్తావు? పుట్టింటికి పంపిస్తావా?" అని కొడుకుని అడిగి, ఆవిడ అదే కుర్చీలో కూలబడింది.

ఒక్క క్షణం క్రితం దాకా ఆవిడ మీద ఉన్న కోపం ఎటు పోయిందో మూర్తిగారికి తెలియలేదు. ఆ కోపమే ఉంటే బాగుండేదనిపించింది. దాన్ని పట్టుకుని ఫారం నింపెయ్యవచ్చు.

తరవాత అన్నీ గబగబా జరిగాయి. హన్నా డాక్టరమ్మకి ఫోన్ చేసింది. ఆవిడ బయల్దేరి వచ్చి చూసి, మాత్రలిచ్చి, రెండు రోజులు కదలడానికి వీల్లేదంది. దుర్గాశ్రీకీ చిన్నతల్లికీ ఇదే మందు పడాలని రెండుచోట్లకీ తనే ఫోన్ చేస్తానంది. విజయదుర్గ తన మంచం మీద దుప్పటి మార్చి అత్తగారిని పడుకోబెట్టింది. నిన్నటిదాకా తను తాగిన గ్లాసులోనే బార్లీ నీళ్ళు కలిపి తెచ్చింది. తాగడానికి ఆవిడ తల ఎత్తలేకపోతే, మెడ కింద చెయ్యివేసి పట్టుకుంది. పొద్దుటి చేపల మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

నాగసతీష్ మధ్యాహ్నం పంటుకి ఒక్కడే వెళ్ళాడు.

దీపాలు పెట్టేవేళకి ఫోన్ మోగింది. వియ్యంకుడు జనార్దన్.

"బావగారూ, మా ఆవిడని చూసుకుంటున్నందుకు దణ్ణం. పిల్లని మాత్రం పంపను. పాక నేను కడిగించుకుంటాను, నా ఇంటి సంగతి నేను చూసుకోగలను."

"కడిగితే పోయేవి కావు బావగారూ. గోడ సందుల్లో ఉంటాయి. మందు కొట్టేవాళ్ళు రావాలి. ఒక్క మీ పాకే కాదు, పక్క పాకలు కూడా చూడాలి."

"అందుకే అంటున్నాను. పక్క పాకలవాళ్ళు నాకు ఓటేసి కూర్చోబెట్టేరు. ఆ కాగితంలో మా ఊరు కనిపించిందంటే, మీ అమ్మాయి బట్టలు కూడా పంటు మీద వచ్చేస్తాయి. కోపంతో అనడం లేదు. ముందుగా చెబుతున్నాను. ఉంటానండీ."

ఆయన నిజంగానే కోపంగా అనలేదు. మూర్తిగారికి అదే మరింత భయమేసింది.

గుమ్మానికి ఆనుకుని నిలబడిన కూతురు అంతా విన్నది. "ఏం రాస్తారు నాన్నా?" అని అడిగింది.

"నువ్వు చెప్పమ్మా."

"నన్నడగకండి. ఇటు చెబితే తులసి అంటుంది మనసు. అటు చెప్పినా తులసే అంటుంది. ఆ పాకలో దాన్ని వదల్లేను. ఆ ఇంట్లో నేను లేకుండానూ వదల్లేను."

మూర్తిగారు బల్లముందు కూర్చున్నారు. భార్య ఉండి ఉంటే ఏమనేదో ఊహించడానికి ప్రయత్నించారు. ఏమనేదో తెలియలేదు గానీ, లైటు సరిగా లేదు, ఇటు జరిగి కూర్చోండి అని మాత్రం అనేది. జరిగి కూర్చున్నారు. అక్షరాలు బాగా కనిపించాయి.

విజయదుర్గ పేరుకెదురుగా పొన్నలంక అని రాశారు. కింది వరసలో దుర్గాశ్రీ, పొన్నలంక. ఆ కింద చిన్నతల్లి, పొన్నలంక. మిగతా రెండు ఊళ్ళవాళ్ళూ వేరే ఊరు రాసుకోనీ, తన కాగితంలో మాత్రం ముగ్గురూ ఒక్కచోట ఉంటారు. నాలుగో వరసలో పద్మావతి, యాభై నాలుగు అని రాసి, ఊరి గడి దగ్గర ఆగిపోయారు.

"అన్నయ్యగారూ," అని గదిలోంచి పిలుపు.

వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు. పద్మావతి కళ్ళు మూసుకునే మాట్లాడింది.

"నాకు ఏ ఊరు రాసేరు?"

"ఇంకా రాయలేదమ్మా."

"పెద్దకోడలికి తల్లి ఉంది. చిన్నకోడలికి మీరున్నారు. పాలు పితికేదానిక్కూడా అన్న ఉన్నాడు. గురువారం ఒళ్ళు కాలిపోతుంటే నేనూ చూసుకున్నానండీ, ఎక్కడికెళ్దామా అని. మా అన్నయ్య పోయి తొమ్మిదేళ్ళు. ఆ ఇల్లు పడగొట్టి చెరువు తవ్వేరు. నా పుట్టింట్లో ఇప్పుడు రొయ్యలున్నాయి." నవ్వబోయి దగ్గింది. "అందుకే గడప పట్టుకుని వేలాడేను. పిడుదులు కుక్కడం కోడళ్ళకి నేర్పింది నేనే. ఆ సంగతి ఊరికి తెలిస్తే, నాకు ఉన్న ఒక్క గడపా..."

మూర్తిగారు గుమ్మం దాటి మంచం పక్కకి వచ్చారు.

"పెళ్ళిచూపుల నాటినుంచి మిమ్మల్ని అన్నయ్యగారూ అనే పిలుస్తున్నాను. మీరూ చెల్లెమ్మా అంటున్నారు. జబ్బుచేసి మీ ఇంట్లో పడుకున్నాను. పుట్టింట్లో పడుకున్న ఆడదాని జ్వరం పుట్టింటి ఊరిదే అని మీరే ముప్ఫై ఏళ్ళు రాసేరు. నాకూ అలాగే రాయండి. మా నలుగురికీ అలాగే రాయండి. అన్నగా అడుగుతున్నాను."

బయట వాన మళ్ళీ అందుకుంది. ఇంతమంది కూతుళ్ళని పుట్టిళ్ళ పేర్లకింద రాసినప్పుడు ఒక్కరూ ఆయన్ని ఇంత మెత్తగా అడగలేదు. మెత్తగా అడిగింది ఒక్కరు, అదీ చెయ్యకూడని పని.

"చెల్లెమ్మా, తులసి అక్కడుంది," అన్నారు చివరికి.

"తెలుసు." కళ్ళు తెరిచి చెయ్యి చాచింది. "ఆ కాగితం ఓసారి ఇలా ఇస్తారా? ఏం రాసేరో చూస్తాను."

అది పుస్తకంలో ఆఖరి ఫారం. కొత్తవి ఆసుపత్రి బీరువాలో ఉన్నాయి. ఆసుపత్రి తెరిచేది ఎనిమిదికి, బస్సు ఏడింటికే. ఇవన్నీ ఆయనకి తెలుసు. అయినా జ్వరంతో ఉన్న మనిషి చెయ్యి చాచితే లేదనడం ఆయనకి చేతకాదు. తెచ్చి ఇచ్చారు. "కలం కూడా," అంది. అదీ ఇచ్చారు.

ఆవిడ కాగితాన్ని లైటుకెదురుగా పట్టుకుని, పెదవులు కదుపుతూ ఒక్కొక్క వరసే చదివింది. మూడు పొన్నలంకలూ చదివింది. తన పేరు దగ్గర ఆగింది. తరవాత కాగితాన్ని గుండెలమీద బోర్లా పెట్టుకుని, మచ్చల చెయ్యి దానిమీద వేసి, గోడవైపు తిరిగింది.

మూర్తిగారు ఒక నిమిషం చూశారు. ఇంకో నిమిషం చూశారు. నిద్రపోయిందో, నిద్రపోయినట్టు నటిస్తోందో తెలియలేదు. వేళ్ళ మధ్య కలం అలాగే ఉంది, మూత తీసే ఉంది.

విజయదుర్గ వచ్చి అత్తగారి పాదాలమీదికి దుప్పటి లాగింది. తండ్రికేసి చూసి, లేపకండి, ఆ గడి ఆవిడకే వదిలెయ్యండి అన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ వెనక్కి అడుగులేస్తూ గది దాటారు. లైటు తీసేసి, ఆమె రెండు తలుపు రెక్కలూ చప్పుడు కాకుండా దగ్గరకి చేర్చింది.